మా ఊరికి వచ్చేవారికి కొన్ని సూచనలు

లీడ్స్,
11 ఆగస్టు 1996

తమ్ముడు టఫిరేయికి,

మీరంతా బాగుంటే నేనూ బాగున్నట్టే.

వచ్చే జూలైలో వస్తున్నాం, నేనూ ఫిలిప్పూ. ఈసారి మాట తప్పను. నాన్నను మట్టి చేసి వచ్చాక మళ్ళీ ఆ నేల తొక్కలేదు, పదకొండేళ్ళయింది. ఫిలిప్ ఇప్పటికే గోడకి మ్యాప్ అంటించాడు. మనిషి మంచివాడే గానీ ప్రయాణమంటే స్కూలు ఇన్‌స్పెక్టరు అయిపోతాడు. నువ్వు చెరువు పక్క గెస్ట్‌హౌస్‌లో టూరిస్టులనే కదా తిప్పుతావు, నీకన్నా బాగా ఎవరు చెబుతారని ఒకటే గొడవ. కాబట్టి విసుక్కోకుండా వీటికి జవాబు రాయి. అక్కడ కుళాయి నీళ్ళు తాగవచ్చా? మలేరియా మాత్రలు ఎన్నాళ్ళ ముందు మొదలుపెట్టాలి? వాగులో ఈదవచ్చా? పొద్దుపోయాక కారు నడపవచ్చా? మనుషులను ఫొటో తీస్తే కోప్పడతారా? జూలైలో ఎంత చలి? మరుగుదొడ్లో పాములుంటాయా? వీటిలో కొన్ని నా ప్రశ్నలు కూడా ఉన్నాయి, ఏవని మాత్రం అడగకు.

మేనత్తకి ఏం తేవాలో కనుక్కో. ఇక్కడ మంచి ముక్కుపొడుం దొరుకుతుంది, డబ్బా మీద గులాబీ పువ్వు ఉంటుంది. చెబితే నవ్వుతుంది.

నీ అక్క,
కెటినా


గుటు,
3 సెప్టెంబరు 1996

అక్కా,

నువ్వు బాగుంటే మేమూ బాగున్నట్టే, ఒక్క అత్త తప్ప.

ముందు బావ ప్రశ్నలు. గెస్ట్‌హౌస్‌లో దిగినవాళ్ళకి ఇచ్చే సూచనల కాగితం టైపు చేసింది నేనే, కనక చూడకుండా చెప్పగలను. నీళ్ళు కాచి తాగండి. మాత్రలు వారం ముందు మొదలుపెట్టి, తిరిగి వెళ్ళాక కూడా నెల్లాళ్ళు వేసుకోండి. చీకటి పడ్డాక కారు తీయకండి, తారు వెచ్చగా ఉంటుందని ఆవులు రోడ్డు మీదే పడుకుంటాయి. సైనికులనీ ప్రభుత్వ కార్యాలయాలనీ ఫొటో తీయకండి, మనుషులనైతే అడిగి తీయండి. జూలై ఇక్కడ నడి చలికాలం, పొద్దున పూట గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది, స్వెట్టర్లు తెచ్చుకోండి. ఎవరినైనా ఏదైనా అడిగేముందు పలకరించాలి, ఏమిచ్చినా రెండు చేతులతో అందుకోవాలి. ఈ ఆఖరిది బావ కోసం రాశాను. నీకు రాయక్కర్లేదనే నమ్మకంతో ఉన్నాను.

వాగులో నిలిచిన నీళ్ళలో దిగవద్దు, నత్తల వల్ల జబ్బు చేస్తుంది. మనిద్దరం రోజూ ఆ వాగులోనే ఈదేవాళ్ళం. నీకు ఎనిమిదేళ్ళప్పుడు మూత్రంలో రక్తం పడితే అత్త నిన్ను వీపున కట్టుకుని మిషన్ ఆసుపత్రిదాకా నడిచింది. అది కూడా బావకి చెప్పు.

నీ ఉత్తరం ఆదివారం అత్త వంటపాకలో అందరికీ చదివి వినిపించాను. మన సావిరా మావురా కూడా ఉన్నాడు. పాముల ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఇక ఆగలేదు. నా చేతిలోంచి ఉత్తరం లాక్కుని, అత్త శాలువా నడుముకి చుట్టుకుని, కాళ్ళు ఎత్తెత్తి కోడిలా నడుస్తూ మరుగుదొడ్డి వైపు బయల్దేరాడు. “ఓ పామూ! పాముగారూ! నేనండీ, కెటినాని, ఇంగ్లండు నుంచొచ్చా. కాస్త బైటికెళ్ళి కూచుంటారా, నాకు అవసరం పడింది!” అత్త నవ్వి నవ్వి దగ్గు తెరలో పడింది. వీపు రుద్దుతుంటే నా చెయ్యి తోసేసి, “ఉండ్రా, ఇంకా ఏం రాసిందో చదవనీ వాణ్ణి” అంది. జబ్బు పడ్డాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఆమె కాళ్ళు వాచిపోయాయి, చెప్పులు పట్టడం లేదు. మిషన్ డాక్టరు గుండె అంటున్నాడు. ఆ కాళ్ళతోనే మొన్న నీకోసమని పక్కపాక నేల అలికింది. “దాన్ని గెస్టవుసులకీ గిస్టవుసులకీ పోనీకురా, తిన్నగా నా పాకలోకే రమ్మను” అంది. జూలై చాలా దూరం అక్కా. బావ అడగని ప్రశ్నకి కూడా నా సలహా రాస్తున్నాను. నవంబరు వానలకి ముందే రా.

నీ తమ్ముడు,
టఫిరేయి


లీడ్స్,
29 సెప్టెంబరు 1996

తమ్ముడూ,

మీరు బాగుంటే నేనూ బాగున్నట్టే.

నీకు రాసిన ఉత్తరం ఊరందరి ముందూ ఎందుకు చదివావు? ఇంకెప్పుడూ అలా చేయకు. అత్త నవ్వింది కాబట్టి సరిపోయింది.

మావురా ఎవరు, చుట్టమా అని ఫిలిప్ అడిగాడు. చుట్టం కాదు, సావిరా అన్నాను. మా తాతా వాళ్ళ తాతా కుదుర్చుకున్న స్నేహం, మా ఇంట్లో చావు వస్తే గొయ్యి దగ్గర నిలబడేదీ, పోయినవాళ్ళని అనుకరించి ఏడ్చేవాళ్ళని నవ్వించేదీ వాళ్ళే, వాళ్ళింట్లో మేమూ అంతే, వాళ్ళు ఏమన్నా మేం కోపం తెచ్చుకోకూడదు అని చెప్పాను. “మరి అతనికి జీతం ఎవరిస్తారు?” అన్నాడు.

వానలకి ముందే రమ్మంటే ఎలా వస్తాను? సెలవు జూలైకి రాసేశారు. టికెట్లు మార్చడానికి వీల్లేని రకం. అత్తకి కాళ్ళు వాయడం నా చిన్నప్పటి నుంచీ ఉన్నదే. నన్ను తొందరపెట్టడానికి పెద్దది చేసి రాయడం లేదు కదా? కాళ్ళ కింద దిండు పెట్టండి, ఉప్పు తగ్గించండి. నర్సుగా చెబుతున్నాను, భయం లేదు.

కెటినా


గుటు,
27 అక్టోబరు 1996

అక్కా,

దిండు పెట్టాం. ఉప్పు తగ్గించాం.

పదిహేడో తేదీ గురువారం తెల్లవారుజామున అత్త పోయింది. నువ్వు ఫోనులో ఏం అన్నావో నీకు గుర్తుందో లేదో. గెస్ట్‌హౌస్ మేనేజరు కాళ్ళు పట్టుకున్నంత పనిచేసి నీ వార్డుకి ఫోను చేస్తే, నువ్వు కాసేపు ఏడ్చి, తరవాత “టికెట్లు మార్చడం కుదరదురా” అన్నావు. నేను అడగకముందే అన్నావు. ఫోను పెట్టేసి రెండు గంటలు బస్సులో కూర్చుని ఇంటికి వచ్చాను. అదే మాట చెవుల్లో మోగుతూ ఉంది.

శనివారం మట్టి చేశాం. జనం బాగా వచ్చారు. ఎవరూ సరిగ్గా ఏడవలేకపోతున్నారు. అప్పుడు మావురా వచ్చాడు. వాళ్ళావిడ ఆదివారం టోపీ పెట్టుకుని, నల్ల కళ్ళద్దాలు తగిలించి, మెడలో కెమెరాలాగా సబ్బుపెట్టె వేలాడదీసుకున్నాడు. గొయ్యి పక్కన జేబురుమాలు పరుచుకుని కూర్చున్నాడు. అత్త ఉన్న పెట్టె మీద వేలితో కొట్టి, “అత్తా! కెటినానొచ్చా. లోపల కాచిన నీళ్ళున్నాయా? దోమలున్నాయా? నిన్నో ఫొటో తీసుకోనా? కాస్త జరుగు, నేనూ పడుకుంటా, ఏసుకోడానికి స్వెట్టర్ కూడా తెచ్చా!” అన్నాడు. నవ్వు పేలింది. పెద్దాయన ఎవరో గోడకి ఆనుకుని పొట్ట పట్టుకున్నాడు. ఆ నవ్వులోనే ఏడుపు వచ్చేసింది అందరికీ, మావురాకి కూడా. కళ్ళద్దాల కింద నుంచి కారుతుంటే తుడుచుకోలేదు. నేను అప్పటిదాకా ఏడవలేదు అక్కా. అప్పుడు ఏడ్చాను.

అలా నువ్వు కూడా వచ్చినట్టే అయింది. అది చెబుదామనే రాస్తున్నాను.

టఫిరేయి


లీడ్స్,
16 నవంబరు 1996

టఫిరేయి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ప్రతిసారీ ఒళ్ళు మండింది.

ఆ శనివారం నేనేం చేస్తున్నానో తెలుసా? ఎవరో పరాయి ముసలమ్మకి స్నానం చేయిస్తున్నాను. వార్డులో ఇద్దరు నర్సులు రాలేదు. ఆమె వీపు రుద్దుతూ, ఇప్పుడు మావాళ్ళు పెట్టె దింపుతూ ఉంటారు అనుకుంటూ రుద్దాను. అదే గంటలో మీరంతా నన్ను చూసి పొట్టలు పట్టుకుని నవ్వారు. టోపీ, కళ్ళద్దాలు! నేను అలా ఉంటానా? మీకు నేను అలా కనిపిస్తానా? పైగా అది నాకు సంతోషవార్తలాగా రాస్తావు. వచ్చినట్టే అయిందట.

సావిరా అయితే ఏమైనా అనవచ్చని నాకూ తెలుసు. చిన్నప్పటి నుంచీ పడ్డాను. కానీ నేను యాభైకి దగ్గరపడుతున్న మనిషిని, నలుగురికి పెద్దదాన్ని. ఇక నాతో ఇలాంటి ఆటలు కట్టిపెట్టమని మావురాకి చెప్పు. నా ఎదురుగా గానీ వెనకాల గానీ నన్ను వెక్కిరించడానికి వీల్లేదని, మర్యాదగా ఉండమని నా మాటగా చెప్పు. చెప్పానని నువ్వు రాస్తేనే జూలైలో వస్తాను. లేకపోతే ఫిలిప్‌ని తీసుకుని ఇంకెక్కడికైనా పోతాను, లోకంలో చాలా దేశాలున్నాయి.

కెటినా


గుటు,
5 జనవరి 1997

అక్కకి,

నువ్వు బాగుంటే మేమూ బాగున్నట్టే.

చెప్పాను. నీ ఉత్తరంలో ఎలా ఉందో అలాగే, ఒక్క మాట మార్చకుండా చెప్పాను. ఆయన రచ్చబండ దగ్గర పారకి పిడి బిగిస్తున్నాడు. పని ఆపి, టోపీ తీసి, “సరే. అమ్మగారికి నా దండాలు చెప్పు” అన్నాడు. అంతే.

అత్త ఆత్మని ఇంటికి పిలిచే పండుగ జూలై ఇరవయ్యారు శనివారం అని పెద్దలు నిర్ణయించారు, నీకు కుదరాలనే. ఆ రోజే అత్త చేతికర్ర కొత్త చేతికి మారుతుంది. ఎవరి చేతిలో పెడితే ఇకమీదట ఈ ఇంటికి అత్త ఆమే. నా కూతుళ్ళ పెళ్ళిళ్ళ దగ్గర నుంచి ఎవరి తగువైనా ఆమె ముందే తేలాలి. కర్ర నీకేనని అత్త పదిమంది ముందు చాలాసార్లు అంది. కర్ర అందించేది సావిరాయే కదా, ఆయనకీ తెలుసు. నువ్వు వచ్చి నిలబడితే చాలు.

గెస్ట్‌హౌస్ వారి సూచనల కాగితం జతచేస్తున్నాను. అన్నీ అందులో ఉన్నాయి.

టఫిరేయి


లీడ్స్,
13 ఏప్రిల్ 1997

ప్రియమైన తమ్ముడూ,

మీరంతా బాగుంటే నేనూ బాగున్నట్టే. నిజంగానే బాగున్నాను, గుండెల మీంచి బరువు దిగింది. మావురా అంత పద్ధతిగా ఒప్పుకుంటాడని అనుకోలేదు. మనిషికి పెద్దరికం వచ్చిందన్నమాట.

కర్ర సంగతి చదివి ఏడుపు వచ్చింది. ఇక్కడ ఇరవై ఏళ్ళుగా నేను ఎవరికీ ఏమీ కాను. షిఫ్టు అయ్యాక కోటు వేసుకుని బస్సు ఎక్కే మనిషిని. అక్కడైనా నేను ఫలానా అనిపించుకోవాలని ఉంది. ఆ కర్ర పట్టుకోవాలని ఉంది టఫీ. దాన్ని లీడ్స్ తీసుకురాలేననీ, ఏటేటా రావలసి ఉంటుందనీ తెలుసు. వస్తాను.

ఒక చిన్న సంగతి, ఏమీ అనుకోకు. ఫిలిప్ నడుము నేల మీద పడుకుంటే పట్టేస్తుంది. రాత్రిళ్ళు మీ గెస్ట్‌హౌస్‌లో ఉండి, పండుగకి పొద్దునే కారులో వస్తాం. సాయంత్రం చీకటి పడకముందే వెళ్ళిపోతాం, ఆవుల సంగతి నువ్వే రాశావుగా. అక్కడ ఎలాంటి బట్టలు వేసుకుంటే బాగుంటుందో రాయి.

గులాబీ డబ్బా కొనే ఉంచాను. సమాధి దగ్గర పెడతాను.

నీ అక్క


లీడ్స్,
17 ఆగస్టు 1997

టఫిరేయి,

బట్టల గురించి నువ్వు జవాబు రాయలేదు. విమానం ఎక్కేదాకా పోస్టు డబ్బా చూస్తూనే ఉన్నాను.

నీతో అక్కడ మాట్లాడటానికి వీలు కాలేదు. వీలు కాలేదో, నువ్వు వీలు కానివ్వలేదో. అందుకే రాస్తున్నాను.

మా కారు ఆగగానే మావురా ఎదురొచ్చాడు. టోపీ తీసి పట్టుకున్నాడు. “దయచేయండమ్మగారూ, ప్రయాణం బాగా జరిగిందా అండీ” అన్నాడు. నాకు కుర్చీ తెప్పించాడు, ఆడవాళ్ళంతా చాపల మీద కూర్చుంటే నేనొక్కదాన్నే కుర్చీలో. సీల్ వేసిన నీళ్ళ సీసా తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు. నేను సంతోషించాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, చాలా సంతోషించాను. చూశావా, చెబితే ఎంత మర్యాద వచ్చిందో అని ఫిలిప్‌తో అన్నాను.

తరవాత చూస్తూ ఉన్నాను. నిన్ను వెక్కిరించాడు, నువ్వు టూరిస్టుల సంచులు మోస్తూ వంగి వంగి నడిచే నడక నడిచి చూపించాడు. నీ పెళ్ళాన్ని, ఊరి పెద్దని, పాస్టరుని, ఎవరినీ వదల్లేదు. ఫిలిప్ రాగుల బీరు కుండ ఎత్తి చొక్కా మీద పోసుకుంటే, “అల్లుడు నోరు ఎక్కడుందో మర్చిపోయాడర్రా! దాన్ని లీడ్స్‌లోనే వదిలేసి వచ్చినట్టున్నాడు!” అన్నాడు. అంతా ఘొల్లుమన్నారు. ఫిలిప్ కూడా నవ్వాడు, నడుము నొప్పి మరిచి నేల మీద చతికిలబడి. నావైపు తిరిగిన ప్రతిసారీ మావురా మొహంలో నవ్వు ఆగిపోయి, “ఎండగా ఉందా అమ్మగారూ, కుర్చీ నీడలోకి జరిపించనా?” అనేవాడు. ఇరవైసార్లు జరిపించాడు ఆ కుర్చీని.

కర్ర తీశాడు. నేను కుర్చీలోంచి లేచాను. నువ్వు చూశావు, లేచాను. ఆయన నన్ను దాటుకుని, చిన్నాన్న కూతురు ఎనియా దగ్గరికి వెళ్ళి, “ఇదిగో, గుమ్మంలో పట్టని నడుము నీది, కర్ర లేకపోతే లేవలేవు, పట్టుకో!” అని ఆమె చేతిలో పెట్టాడు. అంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఏం చేయను మరి?

నేను చేసిన తప్పేమిటి? నువ్వు చెప్పిన పద్ధతులన్నీ పాటించాను. రెండు చేతులతో అందుకున్నాను. ముందు పలకరించాను. కాచిన నీళ్ళ ఊసు ఎత్తలేదు.

కెటినా


గుటు,
7 సెప్టెంబరు 1997

అక్కా,

సావిరాతో “నన్ను వెక్కిరించవద్దు” అని కబురు పంపిన మనిషి ఆ ఇంటి మనిషి కాదు. నీకు ఇది నిజంగా తెలియదా అని మొదట అనుకున్నాను. నువ్వు పదిహేడేళ్ళకే నర్సు చదువుకి వెళ్ళిపోయావు, ఎవరైనా ఆ మాట అనగా నువ్వు విని ఉండవు. ఎందుకంటే ఎవరూ అనరు. పరాయివాళ్ళని వెక్కిరించే హక్కు ఆయనకి లేదు, వాళ్ళకి మర్యాద చేయాలి. మనని మాత్రమే వెక్కిరిస్తాడు. నువ్వు మర్యాద అడిగావు, ఆయన చేశాడు. పరాయిమనిషి చేతికి కర్ర ఎలా ఇస్తాడు? ఇవ్వాలని ఉన్నా ఇవ్వలేడు.

రచ్చబండ దగ్గర ఆయన టోపీ తీయకముందు పార పక్కన పెట్టాడు. “నువ్వు చెప్పకుండా ఉండొచ్చు కదరా. వినపళ్ళేదంటాను. ఉత్తరాలు దారిలో పోతుంటాయి కదా” అన్నాడు. అది నీకు రాయలేదు. నాకు అవకాశం ఇచ్చాడు అక్కా. నేను “లేదు, ఆవిడ మాట ఇదే” అన్నాను. మళ్ళీ ఒకసారి చదివి వినిపించాను కూడా.

ఏం జరుగుతుందో నాకు తెలుసు. నీకు ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. జనవరి నుంచి జూలైదాకా ఆరు నెలలు ఉంది. పెన్ను తీసేవాణ్ణి, టికెట్లు మార్చడం కుదరదురా అన్న నీ గొంతు వినిపించేది, పెన్ను పెట్టేసేవాణ్ణి. అలికిన పాక వదిలి గెస్ట్‌హౌస్‌లో దిగుతానని నువ్వు రాశాక ఇక తియ్యనే లేదు. అన్ని సలహాలూ ఇచ్చాను, ఈ ఒక్కటి తప్ప. కోపంతో దాచుకున్నాను. కర్ర నిన్ను దాటి వెళ్తుంటే నా కడుపు చల్లబడుతుందనుకున్నాను. చల్లబడలేదు. నువ్వు చప్పట్లు కొడుతుంటే పశువుల దొడ్డి వెనక్కి పోయి, మీ కారు వెళ్ళేదాకా అక్కడే ఉన్నాను.

నన్ను క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు.

టఫిరేయి


లీడ్స్,
28 సెప్టెంబరు 1997

టఫీ,

పాముల ప్రశ్న నాదే. ఫిలిప్‌ది కాదు. చిన్నప్పుడు ఒకసారి నిజంగానే కనిపించింది, అత్త చీపురుకట్టతో కొట్టింది. నీకు గుర్తులేదు, నువ్వు చంటివాడివి. అత్త అంతలా నవ్వింది అందుకేనేమో.

నిన్ను తిట్టాలని మూడు కాగితాలు రాసి చింపేశాను. నువ్వు నోరు మూసుకున్నావు, నేను నోరు పారేసుకున్నాను.

నాకు రాత్రీ పగలూ ఒకటే ఆలోచన. నేను పోయినప్పుడు నన్ను ఎవరు వెక్కిరిస్తారు? ఇక్కడ వెక్కిరించరు. నల్లకోట్లు వేసుకుని ఇరవై నిమిషాలు నిలబడి, మంచి మనిషి అని చెప్పి, టీ తాగి వెళ్తారు. నన్ను అక్కడికే తీసుకురమ్మని ఫిలిప్‌కి చెబుతాను. టోపీ, కళ్ళద్దాలు, సబ్బుపెట్టె, ఏదైనా సరే. గొయ్యి పక్కన జేబురుమాలు పరుచుకోమను. ఆ రోజుకైనా చేస్తాడేమో మావురాని అడుగు. నేను తప్పు ఒప్పుకున్నానని చెప్పు. నన్ను ఎంత మాటైనా అనమను, ఇప్పుడే అనమను, ఆ మాట నువ్వు ఉత్తరంలో రాయి. నేను ఇక్కడ అందరికీ చదివి వినిపిస్తాను.

నీ అక్క


గుటు,
19 అక్టోబరు 1997

అక్కా,

అత్తని మట్టి చేసి నేటికి ఏడాది.

మావురా ఇంటికి వెళ్ళి నీ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదివాను. పాము దగ్గర ఆయన పెదవి కదిలింది. ఏదో అనబోతున్నాడని నేను చదవడం ఆపాను. అంతా విన్నాక టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

“అమ్మగారు నూరేళ్ళు చల్లగా ఉండాలని చెప్పు. మళ్ళీ మన దేశం వస్తే దారిలో జాగ్రత్తగా రమ్మను, చీకటి పడ్డాక కారు నడపొద్దని చెప్పు” అన్నాడు.

టఫిరేయి